అప్పు పుట్టాలంటే: మొదటి క్రెడిట్ కార్డు తీసుకునేవారితో కొన్ని మాటలు

(అనంతపురంలో డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవారు హాజరైన ఒక సభలో విశ్రాంత బ్యాంకు అధికారి చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లను మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. మొదట ఒక ప్రశ్న అడుగుతాను, చేతులెత్తి జవాబు చెప్పండి. మీలో ఎంతమందికి అప్పు ఉంది? ఒక్కరూ చేయి ఎత్తలేదు. చాలా సంతోషం. ఇప్పుడు రెండో ప్రశ్న. రేపు మీకు అవసరం వస్తే, ఎంతమందికి అప్పు పుడుతుంది? చూశారా, ఇప్పుడూ ఒక్క చేయి లేవలేదు. మొదటిసారి చేతులు లేవకపోవడం మంచి విషయం. రెండోసారి లేవకపోవడం గురించే ఈ రోజు మనం మాట్లాడుకోవాలి.

మన భాషలో అప్పు "పుడుతుంది" అంటాం. డబ్బు దొరుకుతుంది, అప్పు పుడుతుంది. "వానికి ఊళ్ళో రూపాయి అప్పు పుట్టదు" అంటే ఆ మనిషి పేదవాడని కాదు, అతని మాట మీద ఎవరికీ నమ్మకం లేదని అర్థం. అంతకంటే పెద్ద తిట్టు మన పల్లెల్లో ఇంకొకటి లేదు. ఇంకో మాట చూడండి. మీ ఊరి సొసైటీ బోర్డు మీద "వ్యవసాయ సహకార పరపతి సంఘం" అని రాసి ఉంటుంది. అక్కడ పరపతి అంటే అప్పు. బయట మనం "ఆయనకు మంచి పరపతి ఉంది" అంటాం, అక్కడ పరపతి అంటే పలుకుబడి. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఊరికే ఇమడలేదు. ఇంగ్లీషువాళ్ళు క్రెడిట్ అనేదాన్ని మనవాళ్ళు పరపతి అన్నారు, ఇంతకంటే మంచి అనువాదం నేను చూడలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పల్లె శాఖల్లో పనిచేశాను. అప్పట్లో చిల్లర అంగడి శెట్టిగారి దగ్గర ఒక పొడుగాటి ఖాతా పుస్తకం ఉండేది. వానలకు ముందు సరుకులు రాసుకుంటారు, వేరుశెనగ బుడ్డలు పీకి, అమ్మి, డబ్బు చేతికి వచ్చాక పద్దు కొట్టేస్తారు. ఎవరికి ఎంతవరకు ఇవ్వొచ్చో, ఎవరికి నూనె డబ్బా ఇచ్చి బియ్యం మూట ఇవ్వకూడదో శెట్టిగారికి నోటికి వచ్చు. ఏ కంప్యూటరూ అక్కర్లేదు. మీ తాత సకాలంలో పద్దు తీర్చి ఉంటే, మీ నాన్నకు అడగకుండానే అప్పు పుట్టేది. కానీ ఆ పుస్తకానికి ఒక లోపం ఉంది. అది ఊరి పొలిమేర దాటదు. మీరు రేపు ఉద్యోగానికి బెంగళూరు పోతారు, హైదరాబాదు పోతారు. అక్కడి బ్యాంకు మేనేజరుకు మీ శెట్టిగారు ఎవరో తెలుసా? మీ తాత మాట తప్పని మనిషని అతనికి ఎవరు చెప్పాలి?

ఆ చెప్పే పని ఇప్పుడు నాలుగు సంస్థలు చేస్తున్నాయి. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సిఆర్‌ఐఎఫ్ హై మార్క్. వీటన్నిటికీ 2005లో పార్లమెంటు చేసిన ఒక చట్టం ఆధారం, వీటి మీద అజమాయిషీ రిజర్వు బ్యాంకుది. మనం ఏది చూసినా "సిబిల్ స్కోరు" అంటున్నాం, వనస్పతినంతా డాల్డా అన్నట్టు. మీరు ఏ బ్యాంకులో అప్పు తీసుకున్నా, ఏ నెల కట్టారో, ఏ నెల ఎగ్గొట్టారో ఆ బ్యాంకు వీటికి పంపించాలి. 2025 జనవరిలో పదిహేను రోజులకు ఒకసారైనా పంపించాలన్న నియమం వచ్చింది. ఆ పద్దులను బట్టి 300 నుంచి 900 మధ్యలో మీకొక అంకె వేస్తారు, అదే స్కోరు, ఎంత ఎక్కువైతే అంత మంచి పేరు. ఇది కూడా ఖాతా పుస్తకమే. కాకపోతే శెట్టిగారికి జాలి ఉండేది, వానలు పడకపోతే అర్థం చేసుకునేవాడు. దీనికి ఆ గుణం లేదు.

మీ స్కోరు ఎంత? చాలామంది సున్నా అనుకుంటారు. సున్నా కాదు. మీ పేరు మీద పద్దే లేదు, అంతే. చెడ్డపేరూ లేదు, మంచిపేరూ లేదు. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అప్పు అడిగేవారిని తిప్పి పంపవద్దని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది, 2025లో కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటులో అదే మాటను గుర్తు చేసింది. మంచి మాటే. అయితే నేను బల్లకు అవతలి వైపు కూర్చున్న మనిషిని గనుక ఉన్నమాట చెబుతాను. ఇద్దరు కుర్రవాళ్ళు ఒకే జీతంతో ముందు నిలబడి, ఒకరికి రెండేళ్ళ శుభ్రమైన పద్దు ఉండి, రెండోవారికి ఏమీ లేకపోతే, మేనేజరు చేయి మొదటి కాగితం వైపే పోతుంది. అందుకే ఇల్లు కట్టే నాటికి కాకుండా, ఇప్పుడే, అవసరం లేనప్పుడే పద్దు మొదలుపెట్టమంటున్నాను.

పద్దు దేనితో మొదలవుతుంది, దేనితో మొదలుకాదు? ఇక్కడ చాలా భ్రమలు ఉన్నాయి. ఫోను తీసి రోజుకు పదిసార్లు యూపీఐలో డబ్బు కడతారు, దానితో స్కోరు రాదు, ఎందుకంటే అది మీ డబ్బు. డెబిట్ కార్డు గీకినా రాదు. వీధిలో చీటీ వేసి ఇరవై నెలలు తప్పకుండా కట్టినా ఆ సంగతి ఈ పుస్తకంలోకి ఎక్కదు. ఎక్కేది అప్పు మాత్రమే. బ్యాంకులో బంగారం కుదువ పెట్టి తీసుకున్నది ఎక్కుతుంది. పంట రుణం ఎక్కుతుంది. చదువు రుణం, బండి రుణం ఎక్కుతాయి. ఇవన్నీ మీకు తెలిసినవే. మీకు తెలియకుండా ఎక్కేది ఇంకొకటి ఉంది. ఫోనులో ఏదో యాప్ తెరిచి, "ఇప్పుడు కొనండి, తరువాత కట్టండి" అన్న చోట నొక్కి, రెండు వేల రూపాయల బట్టలు కొంటారు. అది బట్టల కొనుగోలు కాదు నాయనా, అది రుణం. మీ పేరు మీద, మీ పాన్ నంబరు మీద పుట్టిన రుణం. మూడు వందలు బాకీ పెట్టి ఆ యాప్‌ను ఫోనులోంచి తీసేస్తే, యాప్ పోతుంది గానీ పద్దు పోదు.

ఇప్పుడు కార్డు సంగతికి వద్దాం. ఈ దేశంలో క్రెడిట్ కార్డును మొదటగా తెచ్చిన బ్యాంకుల్లో మన ఆంధ్రా బ్యాంకు ఒకటి, 1981లోనే తెచ్చింది. ఇప్పుడు ఆ బ్యాంకు పేరు లేదు, 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, కార్డు అనేది ఎక్కడో పెద్ద పట్నాలవాళ్ళ వస్తువు, మనకెందుకు అనే మాట మన జిల్లాల్లో నేను ఇప్పటికీ వింటున్నాను.

మొదటి కార్డుకు నాకు తెలిసి రెండు దారులు ఉన్నాయి. ఉద్యోగం వచ్చి నెల నెలా జీతం పడుతుంటే, జీతం పడే బ్యాంకులోనే అడగండి. మీ రాకపోకలు వాళ్ళ కళ్ళ ముందే ఉంటాయి. జీతం లేనివారికి, లేదా జీతం చిన్నదై తిరస్కరిస్తారేమోనన్న భయం ఉన్నవారికి రెండో దారి ఉంది, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు. నన్నడిగితే, జీతం ఉన్నవారు కూడా ఈ రెండో దారినే మొదట చూడాలంటాను. ఎందుకో చెబుతాను. మీరు బ్యాంకులో 25,000 రూపాయలు డిపాజిట్ వేస్తారు. దాని మీద బ్యాంకును బట్టి నూటికి 75 నుంచి 100 వరకు లిమిట్, అంటే కార్డు మీద వాడుకోగల హద్దు, ఇస్తారు, మన లెక్కకు 20,000 అనుకుందాం. మీ డిపాజిట్ మీద వడ్డీ మీకు వస్తూనే ఉంటుంది. కార్డు ఉన్నంతకాలం ఆ డిపాజిట్ తీసుకోవడానికి వీలుండదు, అంతే తేడా. మీరు కట్టకపోతే బ్యాంకు అందులోంచి పట్టుకుంటుంది. బంగారం కుదువ పెట్టినట్టే ఇదీ, బంగారం బదులు మీ సొమ్మునే కుదువ పెడుతున్నారు. బ్యాంకుకు భయం లేదు గనుక కార్డు తేలిగ్గా వస్తుంది. మీరు ఎంత గీకినా దాచుకున్న సొమ్ముకు మించి అప్పులో పడరు, వడ్డీలూ రుసుములూ పెంచుకుంటే తప్ప. అయినా సిబిల్ పుస్తకంలో ఇది కూడా క్రెడిట్ కార్డుగానే ఎక్కుతుంది.

ఒక్క పొరపాటు చేయవద్దు. ఒక బ్యాంకు కాదంటే అదే వారంలో ఇంకో నాలుగు బ్యాంకులకు దరఖాస్తు పెట్టవద్దు. మీరు అడిగిన ప్రతిసారీ ఆ బ్యాంకు ఇందాక చెప్పిన సంస్థల నుంచి మీ పద్దుల నివేదిక తెప్పించుకుంటుంది, తెప్పించుకున్నట్టు అక్కడ నమోదవుతుంది. ఒకే వారంలో ఐదు గడపలు తొక్కినవాణ్ణి చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది కదా? మీ నివేదికను మీరే చూసుకుంటే మాత్రం స్కోరు తగ్గదు. ఆ భయం వద్దు.

కార్డు చేతికి వచ్చింది. ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి, ఎందుకంటే మనిషి చెడేదీ బాగుపడేదీ ఇక్కడే. కార్డుకు రెండు తేదీలు ఉంటాయి, బిల్లు తేదీ, గడువు తేదీ. మీ బిల్లు తేదీ ప్రతి నెలా 10 అనుకోండి, గడువు తేదీ 30 అనుకోండి. జూన్ 11న మీరు ఒక వస్తువు కొంటే అది జూలై 10 బిల్లులో వస్తుంది, జూలై 30 లోపల కట్టాలి. అంటే 49 రోజులు వడ్డీ లేని అప్పు. అదే వస్తువును జూలై 10న కొంటే 20 రోజులే. గడువు లోపల బిల్లు మొత్తం, మొత్తం అంటున్నాను, కట్టేస్తే వడ్డీ ఒక్క పైసా లేదు. ఈ ప్రపంచంలో 49 రోజులు ఊరికే డబ్బు ఇచ్చేవాడు మీ మేనమామ తప్ప ఇంకెవరున్నారు?

మరి బ్యాంకు ఎందుకు ఇస్తుంది? మీరు మొత్తం కట్టరన్న ఆశతో ఇస్తుంది. బిల్లులో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి కట్టవలసిన మొత్తం, రెండోది కనీస మొత్తం, మినిమం డ్యూ. అది చాలా బ్యాంకుల్లో సుమారు నూటికి 5 వంతు ఉంటుంది. జూన్ 11న 20,000 పెట్టి ఫోను కొన్నారు. గడువు నాటికి చేతిలో డబ్బు లేదు, కనీస మొత్తం వెయ్యి కట్టి, హమ్మయ్య అనుకున్నారు. ఆలస్యపు రుసుము పడదు, నిజమే. కానీ మొత్తం కట్టలేదు గనుక ఆ 49 రోజుల ఉచితం పోయింది. వడ్డీ జూలై 30 నుంచి కాదు, ఫోను కొన్న జూన్ 11 నుంచే పడుతుంది. నెలకు మూడున్నర శాతం అనుకుంటే 20,000 మీద 49 రోజులకు సుమారు 1,128 రూపాయలు. ఆ వడ్డీ మీద నూటికి 18 జీఎస్‌టీ, మరో 203. కలిపితే 1,331. మీరు కట్టింది ఎంత? వెయ్యి. అంటే వెయ్యి రూపాయలు కట్టిన తరువాత మీ అప్పు 19,000 కాలేదు, 20,331 అయింది. కాగితం మీద వేసి చూసుకోండి, నా మాట నమ్మవద్దు. అంతటితో ఆగదు. పాత బాకీ ఉన్నంతకాలం, మీరు కొత్తగా కొన్న ప్రతి దాని మీదా కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది.

మూడున్నర శాతం అంటే మీకు చిన్నదిగా వినిపిస్తుంది. అదే మాటను మన భాషలో చెబుతాను. మన దగ్గర నూటికి నెలకు రూపాయి అయితే రూపాయి వడ్డీ అంటాం. రెండు రూపాయల వడ్డీ అంటే ఆలోచించి తీసుకుంటాం. మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడంటే, "ఏమైంది పాపం, అంత అవసరం ఏమొచ్చింది?" అని ఇరుగుపొరుగు అడుగుతారు. కార్డు బాకీ పెడితే అది మూడున్నర రూపాయల వడ్డీ. ఏడాదికి నూటికి 42. ఏసీ గదిలో, టై కట్టుకున్న మనిషి, మెరిసే కార్డు మీద ఇచ్చినంత మాత్రాన అది తక్కువ వడ్డీ అయిపోదు. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఏడాదికి 30 శాతం మించకూడదని తీర్పు చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కాబట్టి మనల్ని కాచుకోవలసింది మనమే. ఇంకొకటి, కార్డుతో ఏటీఎంలో నగదు తీయవద్దు. దానికి ఉచిత గడువు అసలే లేదు, తీసిన క్షణం నుంచి వడ్డీ, పైన రుసుము.

మరి ఎలా వాడాలి? నా పద్ధతి చాలా చప్పగా ఉంటుంది, క్షమించండి. మొదటి కార్డు వస్తువులు కొనడానికి కాదు, పద్దు రాయించుకోవడానికి. మీరు ఎటూ పెట్టే ఖర్చు ఒకటో రెండో ఎంచుకోండి. ఫోను రీఛార్జి, బండికి పెట్రోలు. వాటిని మాత్రమే కార్డు మీద కట్టండి. లిమిట్‌లో నూటికి 30 దాటకుండా చూసుకోండి, 20,000 లిమిట్ అయితే 6,000. లిమిట్ అంచుల దాకా వాడేవాణ్ణి చేతిలో డబ్బు ఆడనివాడిగా స్కోరు వేసే లెక్క చూస్తుంది. బ్యాంకులో ఆటో డెబిట్, అంటే ప్రతి నెలా బిల్లు మీ ఖాతాలోంచి దానంతటదే కట్టుకుపోయే ఏర్పాటు, పెట్టించండి. పెట్టించేటప్పుడు వాళ్ళు అడుగుతారు, మొత్తమా, కనీసమా అని. చాలామంది ఇక్కడ తెలియక కనీసం అని పెట్టి వస్తారు, ప్రతి నెలా కడుతున్నామనే అనుకుంటారు. మొత్తం అని పెట్టండి. ఇప్పుడు రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకొని అంగళ్ళలో స్కాన్ చేసి కట్టవచ్చు, 2022 నుంచి ఆ సౌకర్యం ఉంది. సౌకర్యమే. కానీ టీకి, బజ్జీకి కూడా అప్పు చేస్తుంటే నెలాఖరుకు ఎంతైందో మీకే గుర్తుండదు. మొదటి ఏడాది దాని జోలికి పోకపోతే మంచిది.

మా అక్క కొడుకు సంగతి చెబుతాను. బెంగళూరులో మొదటి ఉద్యోగంలో ఉండగా ఆఫీసు దగ్గర బల్ల వేసుకొని కూర్చున్నవాళ్ళు కార్డు ఇచ్చారు. నాలుగు నెలలు వాడాడు, అంతా కట్టేశాడు. ఉద్యోగం మారాడు, ఇల్లు మారాడు, ఫోను నంబరు మార్చాడు, కార్డును పెట్టెలో పడేశాడు. ఏడాది రుసుము 500, జీఎస్‌టీతో 590 పడింది. ఆ బిల్లు పాత నంబరుకు పోయింది. దాని మీద ఆలస్యపు రుసుము, దాని మీద మళ్ళీ ఆలస్యం. మూడేళ్ళ తరువాత ఇంటి రుణానికి పోతే నివేదికలో నెల నెలా బాకీ, బాకీ, బాకీ అని వరుసగా కనిపించింది. ఆ వరుసలో మూడేళ్ళు, 36 నెలలు కనిపిస్తాయి. వాడికి లక్ష రూపాయల జీతం. అయిదు వందల తొంభై రూపాయల దగ్గర నిలబడిపోయాడు. కార్డు వద్దనుకుంటే పెట్టెలో పడేయడం కాదు, రాసిచ్చి మూయించాలి. బాకీ లేకుండా మీరు మూయమని అడిగితే బ్యాంకు ఏడు పనిదినాల్లో మూయాలి, మూయకపోతే రోజుకు 500 రూపాయలు మీకు ఇవ్వాలి. ఇది 2022 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నియమం.

అదే నియమాల్లో ఇంకొన్ని మీకు పనికొచ్చేవి ఉన్నాయి. అడగకుండా మీకు కార్డు అంటగట్టకూడదు. మీ ఒప్పుకోలు లేకుండా లిమిట్ పెంచకూడదు. గడువు తేదీ దాటి మూడు రోజులు మించితేనే ఆలస్యపు రుసుము వేయాలి, అప్పుడే సిబిల్‌కు చెప్పాలి. ఈ మూడు రోజులు ఊపిరి పీల్చుకోవడానికి ఇచ్చినవి, ప్రతి నెలా వాడుకోవడానికి కాదు. లిమిట్ పెంచుతాం, ఓటీపీ చెప్పమని ఎవరు ఫోన్ చేసినా పెట్టేయండి, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

నేను చెప్పినవన్నీ చేశాక ఇంకొక్క పని ఉంది. ఆ నాలుగు సంస్థల్లో ప్రతి ఒక్కటీ ఏడాదికి ఒకసారి మీకు పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. అది తెప్పించి చూసుకోండి. మీది కాని అప్పు కనిపిస్తే, తీర్చిన అప్పు తీరనట్టు ఉంటే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తరువాత ప్రతి రోజుకూ 100 రూపాయలు మీకు పరిహారం రావాలి. "సెటిల్డ్" అనే మాట ఉంటే సంతోషించకండి. తెలుగులో పరిష్కారమైంది అన్నట్టు వినిపిస్తుంది గానీ, మొత్తం కట్టలేక కొంత తగ్గించి తీసుకొని వదిలేశారని దాని అర్థం. ఉండవలసిన మాట "క్లోజ్డ్".

నా మాటలు అయిపోయాయి. ప్రశ్నలుంటే అడగండి. వెనుక వరుసలో ఒక అమ్మాయి చాలాసేపటి నుంచి చేయి ఎత్తి కూర్చుంది. చెప్పమ్మా.

మంచి ప్రశ్న. మైకు లేదు గనుక అందరికీ వినిపించేట్టు మళ్ళీ చెబుతాను. వాళ్ళ నాన్న పంట రుణం మూడేళ్ళుగా బాకీ ఉందట. వానలు లేవు, పంట రాలేదు, కట్టలేకపోయారు. ఆ బాకీ వల్ల తనకు కార్డు రాదా అని అడుగుతోంది. ఈ జిల్లాలో ఈ ప్రశ్న ఈ గదిలో సగం మందిదని నాకు తెలుసు, అడిగినందుకు నిన్ను మెచ్చుకోవాలి. నాన్న బాకీ వల్ల నీకు కార్డు రాకుండా పోదమ్మా. పాత శెట్టిగారి పుస్తకంలో ఇంటికంతా ఒకటే పద్దు, ఈ పుస్తకంలో మనిషికొక పద్దు. నాన్న పాన్ వేరు, నీ పాన్ వేరు. ఆయన బాకీ ఆయన నివేదికలోనే ఉంటుంది, కూతురివి అయినంత మాత్రాన నీ మీదికి రాదు. ఒక్కచోట మాత్రం వస్తుంది. ఆ రుణంలో నువ్వు ఉమ్మడిగా చేరి ఉన్నా, జామీను సంతకం పెట్టి ఉన్నా, అది నీ పద్దు కూడా అవుతుంది. పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లల చేత బ్యాంకులో నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టించడం మనకు అలవాటు, దేనికి పెట్టామో మనకే గుర్తుండదు. కాబట్టి ఈ రాత్రి ఇంటికి పోయాక నాన్నను ఇబ్బంది పెట్టకుండా ఒక్కటే అడుగు, ఆ కాగితాల్లో నీ సంతకం ఎక్కడైనా ఉందా అని.